బావ జైల్లో లేడక్కా

బొంబాయి,
ఆదివారం మధ్యాహ్నం.

మా లక్ష్మక్కకు తమ్ముడు ఓబులేసు దండాలు పెట్టి రాసుకునే సంగతులు.

అక్కా, ముందు రెండు మాటలు చదివి, ఊపిరి పీల్చుకుని, తక్కినది ఆ తర్వాత నిదానంగా చదువు. బావ జైల్లో లేడు. పాలిచ్చే ఎనుమును అమ్మొద్దు.

నీ కార్డు నిన్న అందింది. "మీ బావ ఏం తప్పు చేసినాడు, ఏ జైల్లో పెట్టినారు, ప్లీడరు కోసం ఎనుమును అమ్ముతాండా" అని నువ్వు రాసింది చదివి నాకు చెమటలు పట్టాయి. బావకు చదివి వినిపించాను. ఆయన గోడకు ఆనుకుని మొత్తం విన్నాడు. ఆ తర్వాత "ఎనుముకు ఎవురు బేరానికొచ్చినారంట?" అని అడిగాడు. దీన్నిబట్టి ఆయన ఆరోగ్యం బాగానే ఉందని నువ్వు అర్థం చేసుకోవచ్చు.

తప్పంతా మా పడవల యార్డు గుమాస్తాది. బావ రావడం ఆలస్యమవుతుందని ఆళ్లగడ్డకు టెలిగ్రాం ఇమ్మని నేనే ఆయనకు చెప్పాను. ఆయన బాగా చదువుకున్నవాడు, కానీ మాటలు ఆదా చేసే మనిషి. "హెల్డప్" అని కొడితే ఆలస్యమైందని అర్థమట. ఆయన చివరి "అప్" ముక్క మిగిలించి "చెన్నయ్య హెల్డ్ బోట్ యార్డ్, కమింగ్ లేట్" అని కొట్టాడు. అప్పుడది "చెన్నయ్యను పడవల దగ్గర పట్టుకున్నారు, ఆలస్యంగా వస్తాడు" అని అయిపోయిందట. మన పోస్టుమాస్టరు ఉన్నది ఉన్నట్టే చదివి చెప్పాడు. ఆయన్ను తిట్టొద్దు. పట్టుకోవడం మాట మాత్రం నిజమేనక్కా. కాకపోతే బావను ఎవరూ పట్టుకోలేదు. బావే ఒకదాన్ని పట్టుకున్నాడు. ఆ కథ చెప్పడానికే ఇన్ని కాగితాలు.

మీరంతా ఎట్లా ఉన్నారు? పాప కాలికి గుచ్చుకున్న తుమ్మముల్లు బయటికి వచ్చిందా? నంద్యాల చిన్నాయన దగ్గు తగ్గిందా? మహానందికి పోవాలన్న నీ మొక్కు నేను లేనని ఆపుకోవద్దు. పాపను తీసుకుని పోయిరా. నేను బాగున్నాను. వేళకు తింటున్నాను. చిక్కిపోలేదు, బావను అడుగు.

ఇక్కడి ఎండ మన ఎండ మాదిరిగా ఉండదు. మన నంద్యాల ఎండ మొహం మీద కొట్టి పోతుంది, నిజాయితీ గల ఎండ. ఇది వెనకనుంచి వచ్చి వీపుకు అంటుకుని దిగదు. ఉతికిన చొక్కా ఆరదు, ఆరిన చొక్కా వేసుకుంటే తడుస్తుంది. వానాకాలం మాత్రం చెప్పిన వేళకు వస్తుందట. మనకు వాన ఒక చుట్టం, వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఇక్కడ వాన అంటే అద్దె వసూలుకు వచ్చే ఇంటి యజమాని. తిండికి నా గదిలో ఉండే, నాతో యార్డులోనే పని చేసే కాకినాడ సాంబయ్య, నేను కలిసి వండుకుంటాం. మంచివాడే. కాకపోతే నా మాట వింటే నవ్వుతాడు. "యాడికి పోతాండావు?" అని నేనడిగితే "ఎక్కడికండీ అనండి బాబూ, ఆయ్!" అంటాడు. నేను ఉగ్గాని చేసి పెట్టిన రోజు నుంచి నవ్వడం కొంచెం తగ్గించాడు.

నువ్వు బావను ఎందుకు పంపించావో నాకు తెలుసు. బట్టల సరుకు కోసం బొంబాయి వచ్చిన మన ఊరి శెట్టి నన్ను చూసి, ఊరికి వచ్చి "మీ ఓబులేసు సముద్రంలో పని చేస్తాండాడు" అని నీతో అన్నాడు. ఇక నీకు నిద్ర పడుతుందా? నా జాతకంలో జలగండం ఉందని పంతులు చెప్పినప్పటి నుంచి నన్ను మన ఊరి వక్కిలేటి వాగు దరికి కూడా పోనివ్వలేదు నువ్వు. నా ఈడు వాళ్ళంతా కేసీ కాలువలో ఈదుతుంటే నేను గట్టు మీద వాళ్ళ చొక్కాలకు కాపలా కూర్చున్నాను.

అక్కా, శెట్టి సగమే చూశాడు. నా పని నీళ్ళలో కాదు. పడవలే నీళ్ళు వదిలి గట్టెక్కి నా దగ్గరికి వస్తాయి. గొప్పోళ్ళు సరదాకు తిప్పుకునే తెరచాప పడవలు ఇవి. వానాకాలం ముందు అన్నింటినీ క్రేనుతో ఎత్తి ఒడ్డున పెడతారు. మేము అడుగున పట్టిన నాచు, గవ్వలు గీకి, చెక్కల సందులు పూడ్చి, రంగు వేస్తాం. ఎండాకాలం వక్కిలేట్లో ఉన్నన్ని నీళ్ళు కూడా నా కాళ్ళ దగ్గర ఉండవు.

బావ దాదర్ స్టేషన్లో దిగాడు. చంకలో నువ్వు పంపిన మూట, చేతిలో గొడుగు.

"బావా, దావలో ఏమన్నా తింటివా?" అని అడిగాను.

"తింటి."

"అక్క బాగుందా?"

"బాగుండాది."

"ఏమన్నా చెప్పిందా?"

"నిన్ను తోలుకోని రమ్మనింది."

అంతే. మరునాడు తనే పోయి శుక్రవారం సాయంత్రం బండికి రెండు టికెట్లు తెచ్చి, నా దిండు కింద ఒకటి పెట్టాడు. వస్తావా రావా అని అడగలేదు. నీ మాట కాదనడం నాకు చేతకాదు. అట్లని సరే అనడానికి నోరు రాలేదు. ఆ టికెట్టు మీద తలపెట్టి పడుకుంటే కంటి మీద కునుకు లేదు.

ఆ శుక్రవారం వచ్చింది, ఇప్పటికి తొమ్మిది రోజులైంది. పొద్దున పనికి పోయి మేస్త్రికి చెప్పి వస్తానన్నాను. "నేనూ వస్తాండా. నువ్వు పని చేసే జాగా చూసి మీ అక్కకు చెప్పాల గదా" అని బావ బయలుదేరాడు. ఉతికిన పంచె, కొత్త తలపాగా. రైలు ప్రయాణం కోసం నువ్వు పెట్టిన బట్టలే.

ఆ రోజు యార్డులో ఒక పార్శీ ముసలాయన పడవ ఎత్తుతున్నారు. అందరూ ఆయన్ను సేట్ అంటారు. ఆయన భార్య బానూబాయి. ఆ పడవకు ఆయన సొంతదారు అని కాగితాల్లో ఉంటుంది కానీ, యార్డులో ఎవరిని అడిగినా పడవకూ సేటుకూ కలిపి బానూబాయే సొంతదారు అని చెబుతారు. ఆమె ఒక కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టుకుని, పని జరిగే చోటే కూర్చుంటుంది. జరగమంటే జరగదు.

ఆ పడవ మధ్యలో తెరచాప కొయ్య ఉంటుంది. మన ఇంటి దూలాలు నాలుగు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత పొడుగు. అది తన బలంతో తాను నిలబడదక్కా. నంద్యాలలో సర్కస్ డేరా వేసినప్పుడు గుంజకు నాలుగు వైపులా మోకులు కట్టినట్టు, దీనికి ముందొకటి, వెనకొకటి, పక్కలకు రెండు ఇనప తీగెలు కడతారు. పడవను ఎత్తేటప్పుడు క్రేను అడ్డదూలం ముందు తీగెకు తగులుతుంది. అందుకని దాన్ని విప్పాలి. విప్పితే కొయ్య వెనక్కి వాలుతుంది. వాలకుండా కొయ్య తలకు ఒక మోకు కట్టి, రెండో కొస పడవ ముక్కు దగ్గర ఉన్న ఇనప కడియానికి బిగిస్తారు. ఎప్పుడూ చేసే పనే.

ఆ రోజు పాండు మేస్త్రి మోకు బిగించి గట్టిగా లాగితే, కడియం ఊడి ఆయన చేతికే వచ్చింది. దాని కింద చెక్క పుచ్చిపోయి ఉంది. ముందు తీగె అప్పటికే విప్పేశారు. పడవ క్రేను బెల్టుల్లో సగం లేచింది. సముద్రం పోటు దిగడం మొదలైంది. మళ్ళీ కిందికి దించితే బురదలో కూర్చుంటుంది. పైన మబ్బులు నల్లగా కమ్ముకుని వస్తున్నాయి. ఇక వేరే దారి లేక, మోకును నేల మీదనుంచి మనుషులే పట్టుకుని, క్రేను ఎట్లా కదిలితే అట్లా ముందుకు నడవాలని మేస్త్రి అన్నాడు. ముగ్గురు దొరికారు. నాలుగో మనిషి కావాలి. మిగిలిన మేమంతా పడవ కింద దూలాలు సర్దాలి.

మేస్త్రి నాలుగు వైపులా చూసి, గోడ నీడన నిలబడిన బావను చూశాడు. ఆయన భుజాలు చూశాడు. "ఏ పైల్వాన్!" అని చెయ్యి ఊపాడు.

"ఏందంటాండాడు?" అన్నాడు బావ.

"మోకు పట్టుకునేదానికి మనిషి తక్కువైనాడంట. నువ్వు ఆడ్నే ఉండు బావా, నీకెందుకు?"

"ఎందుకుండాల? అహోబిలం తేరు మోకు పట్టినోణ్ణి. ఇదెంత?" అని తలపాగా విప్పి నడుముకు బిగించాడు. నేను వద్దనే లోపలే పోయి మోకు చివర పట్టుకుని, ఒక చుట్టు నడుముకు కూడా చుట్టుకున్నాడు.

నంద్యాల మార్కెట్లో సాయిబులతో మాట్లాడి మాట్లాడి బావకు తురకం వచ్చు కదా. బొంబాయిలో అంతా అదే భాష అని ఆయన నమ్మకం. కానీ మా మేస్త్రి రత్నగిరి వాడు, కంగారు పుడితే మరాఠీ తప్ప నోట్లోకి ఏదీ రాదు. క్రేను కదిలింది. మేస్త్రి "ధర్! ధర్!" అని అరిచాడు. పట్టుకో అని దానికి అర్థం.

బావ నా వైపు తిరిగి "ధర అడుగుతాండాడు. దేని ధర?" అని కేక పెట్టాడు.

"ధర కాదు బావా! పట్టుకోమంటాండాడు!"

"పట్టుకునే ఉండా గదా!"

అట్లా పడవ గాలిలో ఊగుతూ, కొయ్య తల ఆడిస్తూ, నలుగురు మనుషులు ముందు నడుస్తూ, యార్డు మధ్యకు వచ్చింది. నిజం చెప్పాలంటే చూడ్డానికి తేరు కదిలినట్టే ఉంది. దూలాలతో కట్టిన గూటిలోకి పడవ మెల్లగా దిగింది, క్రేను తప్పుకుంది. నేను వెనక వైపు చీలలు కొడుతున్నాను. బానూబాయి కుర్చీ నా పక్కనే, సరిగ్గా కొయ్య వెనక్కి పడితే పడే చోట ఉంది. "అమ్మా, జరగండి" అని నేను చెప్పాను. నా హిందీ ఆమె పట్టించుకోలేదు. పుచ్చిన చెక్క గురించి సేటును తిట్టే పనిలో ఉంది.

పాండు మేస్త్రి పడవ ముక్కు ఎక్కాడు. ముందు తీగె తెచ్చి ఇనప పట్టీకి తగిలించి, దానికి అడ్డంగా మేకులాంటి చీల దూర్చాడు. దూర్చానని అనుకున్నాడు. ఇటు తిరిగి చెయ్యి ఊపి "సోడ్! సోడ్!" అని అరిచాడు. మరాఠీలో వదిలెయ్ అని.

ముగ్గురూ వదిలేశారు. బావ వదల్లేదు.

"సోడ్! అరే పైల్వాన్, సోడ్!"

బావ తల అడ్డంగా ఊపి, "సోడా తర్వాత తాగుతాలేప్పా! ముందర దీన్ని కానీ!" అన్నాడు. నాకు బాగా వినపడింది. నవ్వుదామని నోరు తెరిచాను. అప్పుడే పైన టప్‌మని చప్పుడైంది. చీల సగమే దిగింది, జారిపోయింది. తీగె పాములా ఎగిరి పడింది. కొయ్య వెనక్కి, మా వైపు వాలడం మొదలుపెట్టింది.

అక్కా, అప్పుడు నేను బానూబాయి కుర్చీ పట్టుకుని కుర్చీతో సహా లాగాను. ఆమె నా చెవి మీద గొడుగుతో కొట్టింది. అటు చూస్తే బావ ఒక్కడే మోకుకు వేలాడుతున్నాడు. అది ఆయన్ను పడవ వైపు ఈడ్చుకుపోతోంది. రెండు మడమలూ నేలలో దిగి, నాగలి దున్నినట్టు రెండు చాళ్ళు పడ్డాయి. మోకు అరచేతుల్లో జారుతోంది. అయినా వదల్లేదు. నేలలో పాతిన ఒక రాతిగుండు కాలికి తగిలింది. దానికి రెండు కాళ్ళూ తన్నిపెట్టి, వెనక్కి వాలి, గొంతు చించుకుని ఒక్క అరుపు అరిచాడు.

"గోవిందా...!"

ఆయనకు కష్టం వస్తే అదే అరుపు. కానీ బొంబాయి వాళ్ళకు ఆ మాట అంటే పూనకం. కృష్ణాష్టమికి ఒకరి మీద ఒకరు ఎక్కి ఉట్టి కొట్టేటప్పుడు ఇక్కడ ఊరు ఊరంతా ఆ కేకే వేస్తుంది. రంగు వేసేవాడు కుంచె పారేశాడు, వడ్రంగి రంపం పారేశాడు, గేటు దగ్గర కావలివాడు కూడా పరిగెత్తాడు. అందరూ "గోవిందా!" అంటూ వచ్చి మోకు మీద పడ్డారు. వాలిన కొయ్య ఆగింది. ఆగి, మెల్లగా పైకి లేచింది. లేచి, ఉత్సాహం ఎక్కువై, ముందుకు కూడా వంగబోయింది. మేస్త్రి పడవ మీద తల పట్టుకుని "పురే! పురే!" అని ఏడ్చినంత పని చేశాడు. అంటే చాలు అని. సాంబయ్య అడ్డం పడి "చాలండి బాబూ, ఇంక లాగితే సముద్రం ఇటొచ్చేస్తదండీ!" అని అరిచాడు. అది తెలుగని ఎవరికీ గుర్తు లేదు, కానీ ఆగారు. మేస్త్రి ఈసారి చీల పూర్తిగా దిగగొట్టి, దాని మీద ఇంకో దెబ్బ వేసి, చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు కిందికి దిగాడు.

బావ అప్పుడు కూడా వదల్లేదు. నేను పోయి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. అరచేతుల తోలు లేచిపోయింది. నువ్వు పెట్టిన కొత్త పంచె మోకాళ్ళ కింద లేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత ఆయన్ను అడగొద్దు.

మేస్త్రి వచ్చి సాంబయ్యను మధ్యలో పెట్టుకుని అడిగాడు. "నేను వదలమంటే ఎందుకు వదల్లేదు? చీల జారుతుందని నీకెట్లా తెలిసింది?"

"నాకేం తెల్సు?" అన్నాడు బావ. "సోడా తాగుతావా అని అడిగినాడు. చేతిలో పని పెట్టుకోని సోడా ఎట్ల తాగేదప్పా?"

సాంబయ్య మరాఠీలోకి మార్చి చెప్పాడు. మేస్త్రి నేల మీద చతికిలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ కళ్ళనీళ్ళు అన్నీ నవ్వువి కావని నాకు అనిపించింది. కొయ్య పడి ఉంటే ఒక ప్రాణం పోయేది, ఆయన పనీ పోయేది. లేచి, ఒక బుట్టెడు గోలీసోడాలు తెప్పించాడు. బావ చేతులతో సీసా పట్టుకోలేకపోతే నేనే నోటికి అందించాను. మొత్తం తాగి, "మన ఆళ్లగడ్డ సోడా ఘాటు లేదు" అన్నాడు.

బానూబాయి సంగతి వింటావా? లేచి చీర దులుపుకుని, తను కూర్చున్న చోటు చూసింది. కొయ్యను చూసింది. తర్వాత సేటును ఒక అరగంట గుజరాతీలో కడిగేసింది. ఆయన పాపం "హా డియర్, హా డియర్" అంటూ నిలబడ్డాడు. అది అయ్యాక బావ దగ్గరికి వచ్చి, ఆ చేతులు చూసి, తన చీర కొంగు చించి చుట్టింది. పట్టు చీరక్కా! తమ కారులోనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు మందు రాసి, తెల్లగుడ్డ చుట్టి, గాయాలు మానేదాకా మూటలు ఎత్తొద్దు, ప్రయాణం వద్దు అన్నాడు. బావ గోడ గడియారం వైపు చూసి, "రైలు పోయింటాది" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో బాధ నాకు కనపడలేదు. నాకూ బాధ లేదు. తప్పే కానీ, నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి?

మరునాడు వాళ్ళింట్లో భోజనం. ఆ రోజు శనివారం. బావ శనివారాలు నీసు ముట్టడని చెప్పడానికి నాకు హిందీ చాలక చేతులతో చెప్పాను. బానూబాయి నీసు లేదు, ఉత్త బంగాళాదుంపలే అని పళ్ళెం పెట్టింది. బావ పళ్ళెంలోకి చూసి, నా చెవిలో "ఓబులేసూ, ఉర్లగడ్డల మింద కోడిగుడ్డు పండుకోని ఉండాది" అన్నాడు. వాళ్ళింట్లో కూరగాయ ఏదైనా దాని మీద గుడ్డు ఉండాల్సిందేనట. నేను నాది, ఆయనది రెండూ తిన్నాను. బావ అరటిపండ్లతో సరిపెట్టుకున్నాడు. ఆయన శనివారం చెడలేదు, నిశ్చింతగా ఉండు.

అప్పటి నుంచి బావకు నేనే అన్నం కలిపి నోట్లో పెడుతున్నాను. చిన్న ముద్ద పెడితే "నేనేమన్నా పసిబిడ్డనా?" అంటాడు. పెద్ద ముద్ద పెడితే "సంపుతావా ఏంది?" అంటాడు. ఒకరోజు నమిలి నమిలి ఆగి, "మీ అక్క నీకు ఇట్లే పెడతాండె" అన్నాడు. "మా పెండ్లయిన కొత్తల్లో నేను మడికాడ నుంచి వస్తే, ముందర నీకు పెట్టి, తర్వాత నాకు పెట్టేది. నాకు కోపమొచ్చేది."

"నాకెప్పుడూ చెప్పలేదే బావా?"

"తల్లిలేని పిల్లోడితో ఏం చెప్పేది? పెట్టు, పెట్టు, అన్నం ఆరిపోతాంది."

పగలంతా బావ నాతోపాటు యార్డుకు వచ్చి నీడలో కూర్చుంటాడు. ఇప్పుడు అక్కడ అందరూ ఆయన్ను గోవిందా అనే పిలుస్తారు. పేరు చెన్నయ్య అని నేను చెప్పినా ఎవరూ వినరు. మొన్న ఆ పార్శీ పడవకే పని చేస్తుంటే బావ లేచి నా వెనక నిలబడ్డాడు. నేను చెక్కల సందుల్లో దూది తాడు పెట్టి, మొద్దు ఉలితో, సుత్తితో కూరుతున్నాను.

"ఇది పత్తే గదా?" అన్నాడు.

"పత్తే బావా."

"నంద్యాల మిల్లులో పత్తి మూటలు మోసి మోసి, అది మూతబడితే ఇంట్లో కూచుంటివి. మళ్ళా ఇంత దూరమొచ్చి పత్తేనా?"

"ఆడ ఒట్టి మోసేదే బావా. ఈడ దీన్ని ఎంత పెట్టాల, ఎంత కొట్టాల అనేది ఉంటాది. తక్కువైతే నీళ్ళొస్తాయి. ఎక్కువైతే చెక్క చీలతాది. మేస్త్రి ముందర నాకియ్యలేదు. ఇప్పుడు ఈ పక్కంతా నాకే ఇచ్చినాడు."

బావ వంగి ఆ సందు దగ్గర మొహం పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. విత్తనాలు వేసే గొర్రును కొనేటప్పుడు చూస్తాడే, అట్లా.

"నీళ్ళు రావా?"

"రావు."

"వస్తే?"

"లోపలుండేటోళ్ళు మునుగుతారు."

ఆయన మళ్ళీ వంగి ఆ సందునే చూశాడు. నేను సుత్తి పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మనిషి, ఇప్పుడేమంటే అదే జరగాలి.

"బాగా కూరు" అన్నాడు. పోయి మళ్ళీ నీడలో కూర్చున్నాడు.

అంతే అక్కా. ఆ ఒక్క మాటతో నా ఊపిరి నాకు తిరిగి వచ్చినట్టయింది. నేను ఇప్పుడు ఊరికి రాలేను. నీ మీద ప్రేమ లేక కాదు. మిల్లు మూతపడ్డాక ఆ రెండేళ్ళు నువ్వు నాకు అన్నం పెట్టినప్పుడల్లా నేను తల ఎత్తి నీ మొహం చూడలేదు, నువ్వు గమనించావో లేదో. ఇప్పుడు చూడగలను. కార్తీకంలో సెలవు పెట్టి వస్తాను. సముద్రంలోకి దిగనని నీ మీద ఒట్టు పెట్టమంటే పెడతాను. దిగాలన్నా దిగనిచ్చేవాళ్ళు లేరు. నాకు ఈత రాదని మేస్త్రికి తెలుసు.

సాయంత్రం గదిలో "బావా, అక్కకు నువ్వేం చెప్తావు?" అని అడిగాను.

"నేనేం చెప్తా? నువ్వే రాయి."

"నువ్వు పోయి నోటితో చెప్తే బాగుంటాది గదా."

"ఒట్టి చేతులతో పోయి మీ అక్క ముందర నిలబడేదానికి నాకేమన్నా పిచ్చా? ఉత్తరం ముందర పోవాల. అది చదివి, అరిచి, అలిసిపోవాల. నీకు జవాబు రాయాల. ఆ జవాబు చూసి నేను బండెక్కుతా."

కొయ్య పడిపోతుంటే వదలని మనిషి నీ మాటకు ఇంత భయపడుతున్నాడు. కాబట్టి అక్కా, వెంటనే ఒక కార్డు రాయి. కోపం లేదని రాయి. కోపం ఉన్నా లేదనే రాయి. ఆయన వచ్చాక నీ ఇష్టం. చేతులు మానుతున్నాయి, కొత్త తోలు వస్తోంది. మిగతా నొప్పులేమీ లేవు. జ్వరం లేదు. రెండు పూటలా తింటున్నాడు. నేను కూడా తింటున్నాను.

ఇటువైపు ఎవరైనా వస్తే ఎండుమిరపకాయలు, కొర్రబియ్యం పంపించు. నువ్వుల పొడి వద్దు, బావ తెచ్చినదే సాంబయ్య సగం తినేశాడు. ఎద్దులకు కుడితి వేళకు పెడుతున్నావా అని బావ అడగమన్నాడు. వేరుశనగకు చేను దున్నడానికి ఎవరినైనా మాట్లాడమన్నాడు. చిన్నాయనకు, పక్కింటి పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. పాపను నా తరపున ఎత్తుకో. నా మీద నీ చల్లని చెయ్యి ఎప్పుడూ ఉండాలి.

ఇంకొక్కటి. పని అయ్యాక బావ రోజూ సముద్రం గోడ మీద కూర్చుంటాడు. మొదటి రోజు "ఇన్ని నీళ్ళు పెట్టుకోని మనకు ఒక్క చినుకు రాల్చదే" అని దాన్ని తిట్టాడు. ఇప్పుడు తిట్టడం లేదు. నిన్న పొద్దు గుంకేటప్పుడు నీళ్ళన్నీ ఎర్రగా అయ్యాయి. ఒడ్డుకు చేరే పడవలు వరసగా వస్తున్నాయి. బావ కట్టుకట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసి చూసి, "మీ అక్క చూడాల్సింది. ఒక్కణ్ణే చూస్తాంటే ఏమో మాదిరి ఉండాది" అన్నాడు.

"ఏమన్నావు బావా?" అని అడిగాను.

"ఏమీ లేదు. ఇది ఉత్తరంలో రాయొద్దు."

అది రాయడానికే ఈ కాగితం కొస దాకా వచ్చానక్కా. ఆయన ఇప్పుడు నా పక్కనే కూర్చుని, "అంతసేపు ఏం రాస్తాండావు?" అని అడుగుతున్నాడు. ఇక్కడి వానల గురించి అని చెప్పాను.

నీ దీవెనలతో బతికే తమ్ముడు,
ఓబులేసు